గబగబ చేతిలో నా స్లైడు

పదకొండూ పది. ఈపాటికి స్లైడు ఆరిపోయి ఉంటుంది. ఆరకపోతే ఆ పిల్ల దాన్ని చేత్తో పట్టుకుని ఊపుతూ ఉంటుంది, ఊపొద్దే తల్లీ, దానంతట అదే ఆరాలి అని చేరిన రోజు నుంచీ చెబుతున్నాను, తొమ్మిదేళ్ళయింది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, ఊపడం మానితే ఊదడం మొదలెట్టేది, నోటి తుంపర పడితే కణాలు పాడైపోతాయి కదా అంటే తలూపి, నేను అటు తిరగ్గానే మళ్ళీ ఊదేది. ఇప్పుడు మూతికి మాస్కు ఉంది కాబట్టి ఊదలేదు. ఈ మహమ్మారి వల్ల నాకు జరిగిన మేలు ఏదైనా ఉందంటే అదొక్కటే. ఆమె అసలు పేరు ల్యాబులో అందరూ మరిచిపోయారు, గబగబ అనే పిలుస్తారు, గబగబా నడుస్తుంది, గబగబా తింటుంది, సూది గుచ్చిన సంగతి మనకి తెలిసేలోపే దూది పెట్టి పొమ్మంటుంది, రక్తం ఇవ్వడానికి భయపడే వాళ్ళంతా ఆమె కోసమే వరసలో ఆగేవారు. కానీ మైక్రోస్కోపు ముందు గబగబలు పనికిరావు. పంతొమ్మిదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న దాన్ని, నాకు తెలుసు. మిగతా వాళ్ళందరినీ జనం ముక్కుల్లో పుల్లలు పెట్టే డేరాలకి పంపించేశారు, ఆ కుర్చీకి మిగిలింది గబగబ ఒక్కతే, ఈరోజు ఆమె చేతిలో ఉన్నది నా ఎముక మూలుగ.

పొద్దున ఎనిమిదింటికి తీశారు. పక్కకి తిప్పి పడుకోబెట్టి నడుం దగ్గర ఎముకలోకి సూది దించుతుంటే, మొదటి చుక్కలు స్లైడ్లకి వాడండి డాక్టరమ్మా, తరవాతి వాటిలో రక్తం కలుస్తుంది అన్నాను గోడ వైపు చూస్తూనే. "నువ్వు పేషెంటువి. ఊపిరి తీసుకో, ఉద్యోగం నేను చేసుకుంటాను" అంది డాక్టరమ్మ. లాగేటప్పుడు వచ్చే ఆ నొప్పిని ఎన్ని వేల స్లైడ్లు చూసినా ఏ స్లైడూ నాకు చెప్పలేదు, లోపల ఎవరో దారం పట్టుకుని గుంజినట్టు, అరికాలి దాకా, రెండే రెండు సెకన్లు. నొప్పికి రంగు వేసే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. తొమ్మిదిన్నరకి ఇంటికి తెచ్చేశారు మా ఆయన. ఆయన బస్సు డ్రైవరు, బస్సులు నిలిచిపోయి ఐదు నెలలు, స్నేహితుడి కారు అడిగి తెచ్చి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి అద్దాలన్నీ దించారు, ఖాళీ రోడ్డు మీద కూడా ప్రతి బస్టాపు దగ్గరా ఆయన కాలు దానంతట అదే బ్రేకు మీదకి పోతుంది, ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు, ఒక్క క్షణం ఆగినట్టు ఆగి కదులుతాం. ముందున్న అద్దం వంక చూస్తే అందులో వెనక రోడ్డు కాదు, నా మొహమే ఉంది, అలా తిప్పి పెట్టుకున్నారు. వెనక వచ్చే బండ్లు కనపడొద్దా అంటే, వెనక బండ్లేమీ లేవులే అన్నారు.

డాక్టరమ్మ పన్నెండులోపు ఫోన్ చేస్తానంది. మామూలుగా ఇలాంటి స్లైడు నాలుగు రోజులు పడుతుంది, ల్యాబు మనిషిని కాబట్టి నాకు ఈ దయ. నాతో దాపరికాలు కుదరవని ఆమెకి తెలుసు, అందుకే మొన్ననే చెప్పేసింది. మూలుగలో ఎదగని పసి కణాలు వందకి ఐదు లోపు ఉంటే నా రక్త క్యాన్సరుకి ఇచ్చిన మందు పనిచేసినట్టు, ఇంట్లోనే కోలుకుని ఆ తరవాత మూడు చిన్న విడతలు చేయించుకోవచ్చు, వాటికి రోజూ వెళ్ళి రావచ్చు. ఐదు దాటితే ఈ సాయంత్రమే మళ్ళీ వార్డు, ఇంతకన్నా గట్టి మందు, ఇరవై ఎనిమిది రోజులు. మంచం కింద సంచి సర్దే ఉంది, అత్తయ్య సర్దింది, నేను చూడకూడదని దుప్పటి కప్పింది, చూశాను. ఇంకోసారి ఆ మందు తట్టుకుంటానా అని అడిగాను. డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది, మాస్కు వల్ల అవి మసకబారతాయి నిజమే, కానీ అప్పటికి బారలేదు. అప్పుడే అర్థమైంది. బతకాలని ఉంది నాకు, దాని గురించి గొప్ప మాటలేమీ లేవు, పొద్దున్నే లేచి స్లైడ్ల పెట్టె తెరవాలని ఉంది, మా అమ్మాయి ఎత్తులో నన్ను దాటిపోయి నా భుజం మీద చెయ్యేసి నన్ను పొట్టిదానా అనడం వినాలని ఉంది, ఇంకో రెండంగుళాలే తక్కువ.

అవతలి గదిలో దాని క్లాసు జరుగుతోంది, ఫోన్లో. టీచరు ఏదో అడుగుతుంది, ఇది వినపడట్లేదు మేడమ్ అంటుంది, వినపడే ఉంటుంది, చదివి ఉండదు. వంటింట్లో ఆయన గిన్నె తోముతున్న చప్పుడు, పదిన్నర నుంచీ అదే గిన్నె, అది వెండి గిన్నె అయినా ఈపాటికి అరిగిపోయేది. నా గది తలుపు బయట కుర్చీ కిర్రుమంటోంది, అత్తయ్య కాపలా. నేను వార్డు నుంచి ఇంటికొచ్చి ఆరు రోజులు, ఆరు రోజులుగా ఆ కుర్చీ వేసుకుని మా అమ్మాయి కొలబద్ద చేత్తో పట్టుకుని కూర్చుంది, ఎవరైనా తలుపు వైపు వస్తే దాంతో నేల మీద కొడుతుంది, కన్న కొడుకునే రెండుసార్లు చేతులు కడుక్కురమ్మని వెనక్కి పంపింది. డెబ్బై నాలుగేళ్ళ ఆవిడకి ఈ మహమ్మారి అంటితే నాకన్నా ముందు పోయేది ఆవిడే, ఆ మాట అంటే, నాకేం, నేను చూడాల్సినవన్నీ చూసేశాను, ఇంటికొచ్చే పేపరు తప్ప అంటుంది. పేపరుని సబ్బు నీళ్ళలో ముంచి తీగ మీద ఆరేస్తుంది, ఎండాక చదువుతుంది, ముక్కలై రాలిపోయిన చోట సొంత వార్త కల్పించి తలుపు అవతల నుంచి నాకు వినిపిస్తుంది, అబద్ధమని నాకూ తెలుసు, నిన్నటి వార్త ప్రకారం అయితే ఈ మహమ్మారికి మందు వచ్చే ఆదివారానికల్లా సిద్ధం.

ఆవిడకి నా జబ్బు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. మూలుగ ఒక పెద్ద ఇల్లు అనుకోండి అత్తయ్యా, అందులో రోజూ పిల్లలు పుడతారు, పెరుగుతారు, పెద్దవాళ్ళై బయటికి పనికి పోతారు, కొందరు ఊపిరి మోస్తారు, కొందరు దెబ్బ తగిలితే రక్తం ఆపుతారు, కొందరు జ్వరాలతో పోట్లాడతారు. మంచి ఇంట్లో కూడా వందకి ఒకరిద్దరు పసివాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఉండాలి. నా ఇంట్లో పసివాళ్ళు పెరగడం మానేశారు, పుట్టడం మాత్రం మానలేదు, ఇల్లంతా వాళ్ళే, పనిచేసే వాళ్ళకి నిలబడే చోటు లేదు. గబగబకి కూడా మొదటి నెలలో ఇలాగే నేర్పాను, ఆ పిల్ల రాసుకుంది. అత్తయ్య రాసుకోలేదు, "అయితే నీ ఎముకల్లో నర్సరీ బడి పెట్టారన్నమాట. పంతులమ్మ లేదు కాబోలు" అంది. ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. మందు వచ్చి ఆ బడిని పిల్లలతో సహా ఊడ్చేసింది, మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ చూడలేదు, రెండు వారాలు నా ఎముకల్లో ఎవ్వరూ లేరు. ఇప్పుడు మళ్ళీ ఎవరో వచ్చి చేరుతున్నారని మొన్నటి రక్తంలో తేలింది. ఎవరనేది గబగబ చెప్పాలి.

పదకొండూ ఇరవై ఎనిమిది. రంగు వేయడం అయిపోయి ఉంటుంది, ముందు నీలం, తరవాత నీళ్ళు, పైన జరీలా ఒక పొర తేలాలి, అది తేలేదాకా ఆగాలి, గబగబా, ఆగవే. కడిగి నిలబెట్టి ఉంటుంది. ఇక నూనె చుక్క వేసి పెద్ద కటకం దింపి ఎడమ చెయ్యి మీటల మీద పెడుతుంది. మా లెక్కల యంత్రానికి ఒక్కో రకం కణానికి ఒక్కో మీట, మొత్తం వంద కాగానే టింగ్ మంటుంది, ఎన్ని గంటలు మోగితే అన్ని వందలు. పుస్తకం ప్రకారం మూలుగకి ఐదు వందలు చూడాలి. గబగబ రెండు టింగులకి లేచిపోతుంది. ఒకసారి పట్టుకున్నాను, ఎవరో ముసలాయన స్లైడు, రెండొందలకే కాయితం రాసేసింది, అందరి ముందూ కూర్చోబెట్టి మిగతా మూడొందలూ లెక్కపెట్టించాను, పక్కన నిలబడి. ఫలితం ఏమీ మారలేదు. ఆమె ఏడ్చింది, ఏడుస్తూ కూడా గబగబానే ఏడ్చింది. సరైన పనే చేశాననుకున్నాను అప్పుడు. నేనెన్నిసార్లు రెండొందల దగ్గర ఆపానో ఆమెకి చెప్పలేదు. పెద్దదాన్ని కదా, నా పక్కన ఎవరు నిలబడతారు, వంద ట్యూబులు వరసలో ఉన్న రోజున, మెడ పట్టేసిన రోజున, అమ్మాయికి ఒళ్ళు వెచ్చబడిందని ఇంటినుంచి ఫోనొచ్చిన రోజున, రెండు టింగులు, లేచిపోవడం. ఆ స్లైడుకి అవతల ఒక గది ఉంటుందని, ఆ గదిలో ఒకరు గోడ గడియారం కేసి చూస్తూ పడుకుని ఉంటారని తెలియదా అంటే తెలుసు, ఊళ్ళో అగ్నిమాపక కేంద్రం ఉందని తెలిసినట్టు తెలుసు.

ఎదురింటి బాల్కనీలో అతను సైకిలు మళ్ళీ విప్పుతున్నాడు. రోజూ విప్పుతాడు, తుడుస్తాడు, బిగిస్తాడు, ఎక్కి వెళ్ళడానికి చోటు లేదు. చక్రం తిప్పి వదిలి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. నేను కూడా మిషను మోత విని చెప్పేదాన్ని, ఈరోజు పంపు సరిగ్గా లేదు అని. ల్యాబులో రక్తం లెక్కపెట్టే పెద్ద మిషను ఉంటుంది, దాన్ని పొద్దున్నే పరీక్షించాలి, తెలిసిన రక్తం పెట్టి తెలిసిన లెక్క చెబుతుందో లేదో చూడాలి. కొన్న సీసాలు ఉంటాయి దానికి, కానీ మా వాళ్ళు వాటికన్నా నన్ను నమ్మేవారు. పదకొండేళ్ళుగా ప్రతి పొద్దునా నా రక్తం రెండు మిల్లీలీటర్లు, నా లెక్కలు పదకొండేళ్ళలో అటూ ఇటూ అయింది లేదు, జలుబు చేసినా కదిలేవి కావు, అందుకే ల్యాబులో నా పేరు నార్మల్. నార్మల్ వచ్చిందా, నార్మల్ని పిలవండి, నార్మల్ సెలవు పెడితే మిషను సెలవు పెట్టాలి. నాకు గర్వంగానే ఉండేది, దాయడం దేనికి, మనిషికి ఏదో ఒక గర్వం కావాలి కదా, కొందరికి గొంతు, కొందరికి జుట్టు, నాకు నా తెల్ల కణాలు.

మహమ్మారి వచ్చాక కొన్న సీసాలు రావడం ఆగిపోయింది, ఓడలు ఆగాయన్నారు, ఇక నేనే దిక్కు. ఒక సోమవారం పొద్దున పెట్టాం, మిషను నా తెల్ల కణాలు నాలుగింతలు చూపించింది, రక్తం ఆపే కణాలు పావు వంతు. అరిచాను మిషను మీద. మళ్ళీ పెట్టాం, అదే లెక్క. గొట్టాలు కడిగాం, ద్రవాలు మార్చాం, కొత్త డబ్బా విప్పాం, మిషను బాగుచేసే ఇంజనీరు రాకపోకలు లేక రాలేనంటే ఫోన్లో అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, వీడియోలో చూపిస్తూ వెనక రేకు విప్పించాను. నాలుగు గంటలు. మిషను పాపం నిజం చెబుతూనే ఉంది, మేం దాని నోరు కడుగుతూనే ఉన్నాం. అక్కా, ఒక స్లైడు వేసి చూద్దామా అని గబగబ అంటే, నా రక్తానికి స్లైడు దేనికే, పనిలేకనా అన్నాను. ఆరుగురం ఉన్నాం ఆ గదిలో, అందరం ఇదే చదువు చదివిన వాళ్ళం, ఒక్కరికీ తట్టలేదు. దీపం కింద చీకటి అంటారు, మా దీపం కింద నేనే కూర్చుని ఉన్నాను.

ఆ మధ్యాహ్నం గబగబ నన్ను అడక్కుండా స్లైడు వేసింది, పేరు రాయలేదు, మైక్రోస్కోపు కింద పెట్టి అక్కా ఒకసారి చూస్తారా అంది, ఎప్పుడూ లేనిది, ఆమె గొంతు నెమ్మదిగా ఉంది. చూశాను. చూసి, సిగ్గుపడాల్సిన మాట, సంతోషపడ్డాను. అంత స్పష్టమైన పసి కణాలు ఏళ్ళకి ఒకసారి దొరుకుతాయి, కణం లోపల సన్నటి ఎర్రటి పుల్ల, పుస్తకంలో బొమ్మలా. రండి రండి, అందరూ వచ్చి చూడండి, ఈ పుల్ల కనపడిందంటే క్యాన్సరే, ఇంక అనుమానం లేదు అని ఒక్కొక్కరినీ పిలిచి చూపించాను, పాఠం చెప్పాను, దీన్ని దాచిపెట్టు, కొత్తగా చేరేవాళ్ళకి పనికొస్తుంది అన్నాను. ఎవరిదే ఇది, పాపం, చిన్న వయసా అని అడిగాను. గబగబ నా మొహం కేసి చూస్తూ నిలబడింది. తొమ్మిదేళ్ళలో ఆ పిల్ల కదలకుండా నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. ట్యూబు ఎవరిదో ఆమె చెప్పలేదు, నేను కూడా మళ్ళీ అడగలేదు.

పన్నెండుకి ఐదు నిమిషాలు. ఐదొందలు చూసినా ఈపాటికి అయిపోవాలి. గబగబ లెక్కన అయితే పదకొండూ నలభైకే అయిపోయి ఉండాలి. ఫోను దిండు మీద ఉంది, తిరగేసి చూశాను, గొంతు నొక్కి ఉందేమోనని, లేదు, నిండా మోగేలా ఉంది. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. కుర్చీ కిర్రుమనడం కూడా ఆగింది. ఇంట్లో అందరూ గడియారం చూస్తున్నారన్నమాట. క్లాసు అయిపోయినట్టుంది, అమ్మాయి హాల్లోకి వచ్చింది, దాని నడక తెలుస్తుంది, మడమలు ఆనించదు. "ఇంకా రాలేదా?" అంది. "ష్, లోపల వినపడుద్ది" అంది అత్తయ్య, వీధి చివరిదాకా వినపడేలా.

వార్డులో ఇలాగే ఉండేది, పన్నెండు అయ్యేసరికి అంతా నిశ్శబ్దం, ఒంటిగంటకి డాక్టర్ల రాక. ఎవరినీ లోపలికి రానిచ్చేవారు కాదు, వార్డు మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి అవతల సగం మహమ్మారికి ఇచ్చేశారు. నా పక్క మంచం డ్రిల్లు టీచరమ్మది, రిటైరై పదేళ్ళు, చేతికి మందు సీసా గొట్టం ఉండగానే ఆరింటికి లేచి కూర్చుని, ఊఁ, మెడలు కుడికి, మెడలు ఎడమకి అనేది, మేం ఎనిమిది మందిమి మంచాల మీదే మెడలు తిప్పేవాళ్ళం, నేను బద్ధకిస్తే నా మంచం కేసి రెండు చప్పట్లు కొట్టేది, నీకు మార్కులు లేవు అనేది. పద్దెనిమిదో రోజు ఆమెకి జ్వరం వచ్చింది. ముక్కులో పుల్ల పెట్టారు, సాయంత్రం మంచంతో సహా తోసుకుని తెర అవతలికి తీసుకెళ్ళారు, వెళుతూ వెళుతూ చెయ్యి పైకెత్తి, రేపు పొద్దున ఎవరూ ఎగ్గొట్టకండి అంది. మూడో రోజు నర్సు వచ్చి ఆమె చెప్పులు కవర్లో పెట్టి తీసుకుపోయింది. నేను ఏడవలేదు. వణికాను. ఆమె దగ్గి ఉంటుందా, నా వైపు తిరిగి దగ్గి ఉంటుందా అని లెక్కలు వేశాను, చనిపోయిన మనిషి కోసం కన్నీటి చుక్క రాకముందే నా కోసం భయం వచ్చింది, ఆ సిగ్గు ఇంకా ఉంది నాలో. మర్నాడు ఆరింటికి ఎవరూ లేవలేదు, ఆరున్నరకి చివరి మంచం ఆవిడ, ఎప్పుడూ మాట్లాడని ఆవిడ, మెడ కుడికి తిప్పింది. తరవాత అందరం తిప్పాం. లెక్క నేను పెట్టాను, టీచరమ్మ గొంతు నాకు లేదు, లెక్క మాత్రం తప్పు పోలేదు.

పన్నెండూ పదమూడు. ఆలస్యమైందంటే ఒకటే అర్థం. మంచి స్లైడు ఆలస్యం చేయదు, మంచి స్లైడుకి సంతకం పెట్టడానికి ఎవరూ తటపటాయించరు. చెడ్డదైతేనే ఇంకోసారి చూద్దాం అంటాం, రెండో స్లైడు తీయమంటాం, డాక్టరమ్మని పిలుస్తాం, ఆమె కళ్ళద్దాలు తీసి కటకానికి కన్ను ఆనిస్తుంది, చాలాసేపు తల ఎత్తదు, నాకు తెలుసు ఆ మెడ వంపు, ఎన్నిసార్లు పక్కన నిలబడి చూశాను. ఇప్పుడు అక్కడ గబగబ నిలబడి ఉంటుంది. ఎవరు ఫోన్ చెయ్యాలా అని చూసుకుంటూ ఉంటారు. సంచిలో పళ్ళు తోముకునే బ్రష్షు మెత్తది పెట్టిందో లేదో అత్తయ్య, గట్టిదైతే చిగుళ్ళ నుంచి రక్తం ఆగదు. ఇరవై ఎనిమిది రోజులు. మళ్ళీ ఆ తెర, ఆ దగ్గులు. రెండోసారి తట్టుకున్న వాళ్ళని నేను చూశానా, చూశాను, వాళ్ళ స్లైడ్లు నా చేతి మీదుగా పోయాయి, అందరివీ గుర్తులేవు, ఇద్దరివి గుర్తున్నాయి, ఒకామె ఇప్పటికీ ఏటా పరీక్షకి వస్తుంది, పసుపు గొడుగు ఆవిడ, ఏడేళ్ళు, వానైనా ఎండైనా గొడుగే. ఆమె బతికిందిగా. అదే మందు, అదే వార్డు. నేను గొడుగు కొనుక్కోవాలి. ఏడుపొస్తోంది, ఏడిస్తే ముక్కు చీదాలి, గట్టిగా చీదకూడదు. సరే ఏడవను.

తలుపు అవతల కొలబద్ద నేలకి తగిలిన చప్పుడు. "అమ్మాయ్, ఆ ల్యాబు పిల్లేగా లెక్కపెట్టేది, ఆ తొందర మనిషి?" అంది అత్తయ్య. అవునత్తయ్యా అన్నాను. "ఆ పిల్లకే ఇంతసేపు పట్టిందంటే బాగా చూస్తోందన్నమాట. నిదానమే ప్రధానం" అంది. అది మాట వరసకి అన్నదో నమ్మి అన్నదో, మనిషి మొహం కనపడకుండా గొంతు ఒక్కటే వింటే తెలియదు. పెళ్ళయిన కొత్తలో ఈవిడంటే నాకు హడలు, చారులో ఉప్పు కూడా ఈవిడ ముందు నా చెయ్యి తప్పేది, ఇప్పుడు ఈ తలుపు మీద చెయ్యి ఆనిస్తే అవతల ఈవిడ వీపు ఉంటుంది, అంత దగ్గర. చెయ్యి ఆనించాను. చెక్క వెచ్చగా ఉంది, ఎండకేమో.

పన్నెండూ ముప్పై ఒకటికి ఫోన్ మోగింది. మొదటి మోతకే తీశాను. "నేనే" అంది డాక్టరమ్మ. "స్లైడ్లు నేనూ చూశాను. కానీ లెక్క నాది కాదు, పెట్టినవాళ్ళే చెప్పాలని ఒకటే గోల. ఇదిగో ఇస్తున్నా" అంది. ఫోను చేతులు మారిన చప్పుడు, ఊపిరి, మాస్కు లోపలి ఊపిరి, గబగబదే.

"అక్కా, వెయ్యి చూశాను" అంది.

"వెయ్యా?"

"మూడుసార్లు మధ్యలో లెక్క తప్పిందక్కా. మీరు వెనక నిలబడినట్టే ఉంది. తప్పినప్పుడల్లా మొదటినుంచి మొదలుపెట్టాను. రెండు స్లైడ్లు, చెరో ఐదొందలు."

"పసివి ఎన్ని?"

"పద్నాలుగు."

వెయ్యికి పద్నాలుగు అంటే వందకి ఎంతో, ఐదో తరగతి పిల్ల చెబుతుంది, పంతొమ్మిదేళ్ళు వందల్లోనే బతికిన నాకు ఆ క్షణాన రాలేదు, పద్నాలుగుని పదితో భాగించాలని తెలుసు, పది ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మళ్ళీ చెప్పు అన్నాను. పద్నాలుగు అంది. మళ్ళీ చెప్పు అన్నాను. "ఒకటిన్నర కూడా లేదక్కా. పుల్లలు ఒక్కదాంట్లోనూ లేవు, వాటి కోసమే రెండో స్లైడు వెతికాను. మిగతా వాళ్ళంతా ఉన్నారు, చిన్నవాళ్ళు, ఎదుగుతున్నవాళ్ళు, పనికి పోబోయేవాళ్ళు, అన్ని వయసులవాళ్ళూ ఉన్నారు, ఇంటినిండా జనం" అంటూ మామూలు వేగంలో పడిపోయింది, మధ్యలో ముక్కు ఎగబీల్చింది, ఎనిమిదొందల దగ్గర కళ్ళలో నీళ్ళొచ్చి కనపడక ఆగిపోయానని, అందుకే ఆలస్యమైందని, సారీ అని, అన్నీ ఒకే ఊపిరిలో. రెండొందల దగ్గర నేను ఆపిన స్లైడ్ల సంగతి ఆమెకి చెప్పాలనుకున్నాను, ఇప్పుడే చెప్పాలనుకున్నాను. వరసలో ఇంకెన్ని ఉన్నాయే అన్నాను. ఆరు అంది. అయితే కళ్ళు తుడుచుకుని వెళ్ళి కూర్చో, వాళ్ళకీ ఇళ్ళున్నాయి అన్నాను. సరే అక్కా అంది, అంది కానీ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు, కాసేపు ఇద్దరం ఫోన్లో ఊరికే ఊపిరి పీల్చుకున్నాం.

లేచాను. నడుం దగ్గర కట్టు లాగింది, లాగితే లాగింది. మాస్కు పెట్టుకుని తలుపు తీశాను, ఆరు రోజుల్లో నేను తీయడం ఇదే మొదలు, ఎప్పుడూ పళ్ళెం పెట్టి వాళ్ళే తీసి మూసేవారు. అత్తయ్య కుర్చీలోంచి లేచి నిలబడింది, కొలబద్ద అడ్డంగా పట్టుకుని, ఆమె వెనక మా ఆయన, చేతులు మోచేతుల దాకా సబ్బు నురగ, ఆయన వెనక మా అమ్మాయి, మడమలెత్తి తండ్రి భుజం మీదుగా చూస్తూ. ముగ్గురివీ కళ్ళే కనపడుతున్నాయి. "వెయ్యికి పద్నాలుగు" అన్నాను. ఎవరూ కదలలేదు. నేను అంకె చెప్పానంతే, అంకెలు నాకు అర్థమైనట్టు వాళ్ళకి అర్థం కావని ఇన్నేళ్ళూ నాకు తట్టనే లేదు. "అది మంచిదా అమ్మాయ్?" అంది అత్తయ్య. ల్యాబు కిటికీ దగ్గర రోజుకి పదిమంది ఇదే మాట అడుగుతారు, కాయితం రెండు చేతుల్తో పట్టుకుని, మంచిదేనా అమ్మా అని, మాకు తెలిసినా చెప్పకూడదు, డాక్టరుగారు చెబుతారు అనాలి, పంతొమ్మిదేళ్ళలో ఒక్కరికంటే ఒక్కరికి ఆ మాటకి జవాబు చెప్పి ఎరగను, తల వంచుకుని తరవాతి వాళ్ళని పిలిచేదాన్ని.

"మంచిదే అత్తయ్యా" అన్నాను.